తొమ్మిది పాటల వెనక ఓక్లేర్

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం పడమటి భాగంలో చిప్పెవా నదిలోకి ఓక్లేర్ నది వచ్చి కలుస్తుంది. ఆ సంగమం దగ్గర వెలసిన ఊరి పేరూ ఓక్లేరే. 2020 లెక్కల ప్రకారం జనాభా 69,421. మన దగ్గరైతే చిన్న పట్టణం కిందే జమ. నదులు కలిసే మూల మీద నిలబడితే ఒకపక్క నడక వంతెనలు, ఇంకోపక్క ఫీనిక్స్ పార్కు పచ్చిక, ఆ దగ్గర్లోనే 2018లో తెరిచిన పాబ్లో సెంటర్ అనే కళాభవనం కనిపిస్తాయి. అందులో పెద్ద హాల్లోనే సుమారు 1,200 మంది కూర్చోవచ్చు. అంటే ఊళ్లో దాదాపు ప్రతి అరవై మందికీ ఒక కుర్చీ! కచేరీ చూడ్డానికి ఒక ఊరు ఇంత చోటు కేటాయించుకుందంటే అక్కడ పాటకు ఏదో గట్టి వేరే ఉండి ఉండాలి.

ఆ వేరు వెతికేవాళ్లను ఈ ఊరికి రప్పించేది ఎక్కువగా ఒక ఆల్బమే. పేరు ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో’. బోన్ ఈవేర్ అనే బృందానికి అదే మొదటిది. తొమ్మిది పాటలు, నిడివి 37 నిమిషాలు. 2007లో సొంతంగా 500 సీడీలు వేయించుకుని మొదలైన ఆ ఆల్బమ్ మరుసటి ఏడాదికల్లా అట్లాంటిక్‌కు అటూ ఇటూ మోగింది. దాని పుట్టుక కథ సంగీత ప్రియులకు కంఠతా వచ్చు. బృందం విడిపోయి, ప్రేమ చెడి, ఒళ్లు పాడైన పాతికేళ్ల కుర్రాడు జస్టిన్ వెర్నన్. తండ్రికి అడవిలో ఉన్న చెక్క ఇంట్లోకి వెళ్లి చలికాలమంతా ఒంటరిగా గడిపాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఈ పాటలున్నాయి. ఈ కథలో అబద్ధమేమీ లేదు. కానీ చెప్పేవాళ్లందరూ మంచు, అడవి, ఒంటరితనం దగ్గరే ఆగిపోతారు. గంటసేపు కారు నడిపితే చేరుకునే దూరంలో ఒక ఊరుందనీ, ఆ కుర్రాడి చెవినీ గొంతునూ అప్పటికి పాతికేళ్లుగా తీర్చిదిద్దింది ఆ ఊరేననీ చెప్పడం మరిచిపోతారు. ఓక్లేర్‌ను తీరిగ్గా చూడాలనిపించేది అందుకే.

ఈ నేల ఒజిబ్వే జాతి వాళ్లది. వాళ్లకే చిప్పెవాలని ఇంకో పేరు. 1837లో కుదిరిన ఒప్పందంతో తెల్ల పైన్ చెట్లు నిండిన విశాలమైన అడవులు అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్లాయి. ఆ తర్వాతి కథ గొడ్డళ్లదీ రంపాలదీ. శీతాకాలమంతా అడవిలో చెట్లు కొట్టడం, దుంగల్ని మంచు మీద లాక్కొచ్చి నది ఒడ్డున పేర్చడం, ఎండలు ముదిరి మంచు కరిగి నది పొంగగానే వరదలోకి దొర్లించడం. ఓక్లేర్ దగ్గర వాటిని ఆపి కోసేవారు. కోసిన కలపను తెప్పలుగా కట్టి చిప్పెవా మీదుగా మిసిసిపీలోకి, అక్కణ్నుంచి దక్షిణాది పట్టణాలకు పంపేవారు. 1872లో నగర హోదా వచ్చేసరికే ఊరంతా మిల్లులు. రంపపు పొట్టు నగరం అని ముద్దుపేరు కూడా పడింది. 1881లో ఆ మిల్లుల కూలీలు రోజుకు పన్నెండు గంటల పని మాకొద్దు, పది గంటలు చాలంటూ సమ్మె కట్టారు. గవర్నరు సైనిక దళాలను దింపాడు. చరిత్ర పుస్తకాల్లో దానికి రంపపు పొట్టు యుద్ధమని పేరు.

ఊరి నడుమ హాఫ్ మూన్ అనే సరస్సుంది. చిప్పెవా నది ఒకప్పుడు దారి మార్చుకుని పోతూ వదిలేసిన పాత వంపు అది, అచ్చం అర్ధచంద్రాకారంలో ఉంటుంది. కొయ్యాల్సిన దుంగల్ని అందులో తేలేసి ఉంచేవారు. పైన డెల్స్ ఆనకట్ట దగ్గర్నుంచి సరస్సులోకి దుంగలు జారిపోవడానికి ప్రత్యేకంగా కాలువ తవ్వారు. అలాంటి కాలువను అక్కడి కలప మనుషులు ఫ్లూమ్ అంటారు. వెర్నన్ ఆల్బమ్‌లో మొదటి పాట పేరు కూడా ఫ్లూమే. అతను దేన్ని తలుచుకుని పెట్టుకున్నా, ఆ మాట పలకగానే ఈ ఊరివాళ్ల చెవిలో పడే చప్పుడు మాత్రం వేరు. సరస్సు కౌగిట్లో ఉన్న భూభాగమే కార్సన్ పార్కు. కలప శిబిరాల మ్యూజియం, చిప్పెవా లోయ చరిత్ర మ్యూజియం పక్కపక్కనే ఉన్నాయి. ఇసుకరాతితో కట్టిన 1937 నాటి బేస్‌బాల్ మైదానం కూడా అక్కడే. అమెరికా క్రీడా చరిత్రలో పెద్ద పేరైన హ్యాంక్ ఆరన్ తన పద్దెనిమిదో ఏట, 1952లో, ఓక్లేర్ బేర్స్ జట్టుకు ఆడింది ఆ నేల మీదే. బయట అతని విగ్రహం ఉంది.

పైన్ అడవి తరగని గని అనుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి అది ఖాళీ. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నరికేసిన నేల మీద ఏళ్ల తరబడి కొత్త చెట్లు మొలిచి రెండో అడవి లేచింది. పోప్లార్లు, బర్చిలు, ఓక్‌లు, నడుమ నడుమ పైన్. ఆ లేత అడవిలోకి జింకలు మందలుగా వచ్చి చేరాయి. వాటి వెనకే వేట. నేటికీ విస్కాన్సిన్‌లో నవంబరు రెండో సగంలో మొదలయ్యే తొమ్మిది రోజుల తుపాకి వేట ఇంటింటి పండగలాంటిది. తుపాకి గుండు ఎవరికీ పొరపాటున తగలకుండా అందరూ మెరిసే నారింజ రంగు కోట్లు వేసుకుని అడవిలోకి వెళతారు. పల్లెల్లో చాలా కుటుంబాలకు అడవిలో చిన్న చెక్క ఇల్లుంటుంది. తాత కట్టింది తండ్రికి, తండ్రిది కొడుక్కి. విలాసాలేమీ ఉండవు. కట్టెల పొయ్యి, మంచాలు, తుపాకులు పెట్టుకునే చోటు, బోలెడన్ని కబుర్లు. వెర్నన్ వెళ్లి తలదాచుకున్నది అలాంటి ఇంట్లోనే. చదివేవాళ్లకు ఏదో తపోవనంలా కనిపించవచ్చు కానీ, విస్కాన్సిన్ వాళ్ల లెక్కలో అది నాన్న వేటకు వెళ్లే ఇల్లు. అలసిన కొడుకు వెళ్లడానికి అంతకంటే మామూలు చోటు లేదు.

కలప పోయాక ఓక్లేర్‌ను నిలబెట్టింది టైర్లు. 1917లో మొదలైన ఫ్యాక్టరీ తర్వాత యూనిరాయల్ చేతికి వచ్చి, నది పక్కన ఎకరాలకు ఎకరాలు పరుచుకుంది. 1992లో అదీ మూతపడింది. వెయ్యిమందికి పైగా ఒక్కసారే పని పోగొట్టుకున్నారు. ఇంత చిన్న ఊరికి అది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పాలా! ఆ ఎర్రటి భవనాల్లో ఇప్పుడు బ్యాన్‌బరీ ప్లేస్ పేరుతో చిన్న వ్యాపారాలు, గోదాములు, కళాకారుల గదులు ఉన్నాయి. బృందాలు సాధన చేసుకోవడానికి గదులు చవగ్గా దొరకడం అలాంటి పాత ఫ్యాక్టరీ గోడల మధ్యే. ఖాళీ అయిన భవనాలు, పొడవైన చలికాలం, పిల్లలకు వాయిద్యాలు నేర్పే బళ్లు. సంగీతానికి ఇంతకంటే మంచి నేల ఉంటుందా?

బళ్ల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. అమెరికాలో చాలా హైస్కూళ్లకు జాజ్ బృందాలుంటాయి. ఓక్లేర్‌లో మాత్రం అది ఆషామాషీ వ్యవహారం కాదు. ఊళ్లోని విశ్వవిద్యాలయంలో 1967లో మొదలైన జాజ్ ఉత్సవం ఇప్పటికీ జరుగుతోంది. వెర్నన్ చదివిన మెమోరియల్ హైస్కూల్ బృందం న్యూయార్క్‌లో జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ సంగీతం మీద జరిగే పాఠశాలల పోటీ దాకా వెళ్లి వాయించిన బృందం. బాకాలు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు పట్టుకున్న పదహారేళ్ల పిల్లలు ఎల్లింగ్టన్ రాసిన చిక్కటి స్వరాల పొందికను వారాల తరబడి సాధన చేస్తారు. ఒక్కో వాయిద్యం ఒక్కో స్వరం పట్టుకుంటే అవన్నీ కలిసి ఒకే శ్వాసలా వినిపించాలి. ఇది గుర్తుంచుకోండి, ఆల్బమ్ దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది. పేరొచ్చాక వెర్నన్ 2009లో ఆ బడి పిల్లలతో కలిసి పాత జాజ్ పాటలు పాడి, ఆ కచేరీని ఆల్బమ్‌గా తెచ్చాడు. అందులో వచ్చిన డబ్బు బడి సంగీతం పనికే పోయింది.

అతను పుట్టింది 1981లో, ఈ ఊళ్లోనే. పూర్తి పేరు జస్టిన్ డీయార్మండ్ ఎడిసన్ వెర్నన్. ఊళ్లోని విశ్వవిద్యాలయంలో మతాల అధ్యయనం చదివాడు. బళ్లో పరిచయమైన స్నేహితులతో కట్టుకున్న బృందానికి తన పేరులోని నడిమి మాటలే పెట్టి డీయార్మండ్ ఎడిసన్ అన్నారు. 2005లో అందరూ కలిసి దక్షిణాన ఉత్తర కరోలినాలోని రాలీ నగరానికి మకాం మార్చారు. చిన్న ఊరి బృందాలు పెద్ద ఊరికి వెళ్లడం ఎక్కడైనా ఉన్నదే. ఏడాది తిరిగేసరికి బృందం చీలింది. మిగిలిన ముగ్గురూ మెగాఫాన్ పేరుతో వేరే దారి చూసుకున్నారు. వెర్నన్‌కు కాలేయాన్ని పట్టిన జబ్బు వచ్చి కొన్ని నెలలు మంచాన పడ్డాడు. ఆన్‌లైన్ పేకాటలో డబ్బు పోగొట్టుకున్నాడు. ప్రేమ కూడా ముగిసింది. 2006 చివర్లో సామానంతా కారులో వేసుకుని సుమారు 1,800 కిలోమీటర్లు నడుపుకుంటూ ఇంటిముఖం పట్టాడు. కానీ ఊళ్లో ఉండిపోలేదు. ఓక్లేర్ నుంచి ఉత్తర పడమర దిక్కుగా ఇంకో గంట వెళ్లి, అడవిలోని ఇంటి ముందు ఆపాడు.

ఆ ప్రాంతం 45వ అక్షాంశం దగ్గర ఉంటుంది. డిసెంబరు చివర పగలు తొమ్మిది గంటలైనా ఉండదు. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీల దిగువకు పోవడం మామూలే. వెర్నన్ కట్టెలు కొట్టుకున్నాడు, పొయ్యి వెలిగించుకున్నాడు. రెండు జింకల్ని వేటాడి ఆ మాంసంతోనే చాలాకాలం గడిపాడు. అంతకుముందు జబ్బుతో మంచాన పడ్డప్పుడు పాత టీవీ ధారావాహిక ‘నార్తర్న్ ఎక్స్‌పోజర్’ డీవీడీలు చూశాడు. అలాస్కాలోని ఒక పల్లె కథ అది. అందులో తొలి మంచు పడ్డ రోజున ఊరివాళ్లంతా బయటికొచ్చి ఒకరికొకరు మంచి శీతాకాలం కావాలని ఫ్రెంచిలో శుభాకాంక్షలు చెప్పుకునే దృశ్యం ఒకటుంది. ఆ పలకరింపే స్పెల్లింగు కాస్త మారి బృందం పేరైంది. పాటలు రాద్దామని అతను వెళ్లలేదు. చాలా రోజులు ఊరకే ఉన్నాడు. తర్వాత తెచ్చుకున్న సామాను విప్పాడు.

ఆ సామాను జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక పాత మాకింటోష్ కంప్యూటర్, అందులో ప్రో టూల్స్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు చిన్న వెర్షన్. సిల్వర్‌టోన్ కంపెనీ పాత గిటారు ఒకటి. సిల్వర్‌టోన్ అంటే సియర్స్ దుకాణాలవాళ్లు కేటలాగు అచ్చేసి పోస్టులో పల్లె పల్లెకూ అమ్మిన చవక గిటార్ల పేరు. ఎన్నో రైతు కుటుంబాల్లో మొదటి గిటారు అదే. తర్వాత తమ్ముడొచ్చి పాత డ్రమ్ముల సెట్టులో కొన్ని ముక్కలు దింపి వెళ్లాడు. అన్నింటికంటే ముఖ్యమైనది ఒక మైకు, షూర్ ఎస్ఎం57. 1965 నుంచి అదే రూపంలో తయారవుతోంది. పొడవు 157 మిల్లీమీటర్లు, బరువు 284 గ్రాములు. అంటే అరచేతిలో పట్టే వస్తువు. అమెరికాలో ఖరీదు వంద డాలర్ల దరిదాపుల్లోనే. లిండన్ జాన్సన్ కాలం నుంచి అమెరికా అధ్యక్షుల ప్రసంగ వేదిక మీద కనిపించే మైకు కూడా ఇదే. లోపల పల్చటి పొర, దానికి అంటుకుని తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. గాలి తాకితే పొర కదులుతుంది, తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. కింద పడ్డా, చలికి వణికినా పనిచేస్తుంది. స్టూడియోల్లో గాయకుల ముందు నిలబెట్టే వేల డాలర్ల మైకులు గుసగుసలోని సన్నని మెరుపును కూడా పట్టుకుంటాయి. ఎస్ఎం57 ఆ పైకొసను కాస్త వదిలేసి, మధ్య స్వరాలను ముందుకు తోస్తుంది. నోటికి బాగా దగ్గర పెట్టుకుంటే గొంతులోని బరువును పెంచుతుంది. ‘ఫర్ ఎమ్మా’ వింటున్నప్పుడు పక్క గదిలో ఎవరో పాడుతున్నట్టూ, అదే సమయంలో చెవికి ఆనుకుని పాడుతున్నట్టూ అనిపించడానికి సగం కారణం ఈ 284 గ్రాముల లోహమే.

మిగతా సగం గొంతు. అంతకుముందు డీయార్మండ్ ఎడిసన్‌లో వెర్నన్ లోతైన మగ గొంతుతో పాడేవాడు. అడవిలో ఆ గొంతును పక్కన పెట్టి, పాశ్చాత్యులు ఫాల్సెట్టో అనే పై గొంతు ఎత్తుకున్నాడు. మన దగ్గర సంగీతం మాస్టార్లు దొంగ గొంతు అని కసిరేది దాన్నే. ఒక్కసారి పాడి వదల్లేదు. అదే వరుసను అదే మైకు ముందు మళ్లీ పాడి మొదటిదాని మీద పరిచాడు, మళ్లీ పాడి దాని మీద పరిచాడు. కొన్ని చోట్ల స్వరం మార్చి పైనా కిందా చేర్చాడు. మనిషి ఎంత జాగ్రత్తగా పాడినా రెండుసార్లు సరిగ్గా ఒకేలా పాడలేడు. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా, మాట ఎత్తుకోవడంలో లిప్తపాటు తేడా ఉంటుంది. ఆ తేడాలన్నీ కలిస్తే ఒకే మనిషి గొంతు బృందగానమైపోతుంది. ‘లంప్ సమ్’ పాట మొదట్లో వినండి, చర్చిలో పదిమంది నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. చుట్టుపక్కల మైళ్ల దూరం మనిషి లేని చోట ఒక్కడు తన చుట్టూ తానే మనుషుల్ని నిలబెట్టుకున్నాడు. బళ్లో ఎల్లింగ్టన్ స్వరాల పొందిక సాధన చేసినవాడికి ఏ గొంతు ఎక్కడ నిలవాలో చెవికి తెలుసు. ఆల్బమ్ అడవిలో తయారైనా ఆ చెవి ఓక్లేర్‌లో తయారైందని నేను గట్టిగా నమ్మేది ఇక్కడే.

మాటలు పుట్టిన తీరు ఇంకా వింత. ముందు వరుస మాత్రమే పాడేవాడు, అర్థం లేని అక్షరాలతో. అది రికార్డు చేసుకుని మళ్లీ మళ్లీ వింటూ, ఆ ధ్వనులు ఏ మాటల్లా వినిపిస్తున్నాయో చూసి కాగితం మీద పెట్టేవాడు. అందుకే ఈ పాటల సాహిత్యాన్ని విడిగా చదివితే తెగిన కలలా ఉంటుంది, పాడితే ఒక్క మాట కూడా ఎబ్బెట్టుగా తోచదు. త్యాగరాజ కీర్తనల్లో అక్షరం స్వరానికి అతుక్కుపోయే తీరు ఎరిగిన మన చెవులకు ఇది కొత్తేమీ కాదు. దారి మాత్రం పూర్తిగా వేరు. ఎమ్మా ఎవరని అడిగినవాళ్లకు వెర్నన్ చెప్పింది, అది ఒక మనిషి పేరు కంటే మనిషి చిక్కుకుపోయి బయటపడలేని ఒక చోటని. చివరి పాట ‘రీ: స్టాక్స్’లో గొంతుల గుంపు లేదు. ఒక గిటారు, దాదాపు ఒకే గొంతు, ఆరు నిమిషాలకు పైగా. పేకాట బల్ల మీద పేర్చిన బిళ్లల దొంతరలు అందులోకి వస్తాయి. మొత్తం ఆల్బమ్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే. అంతవరకు చుట్టూ కట్టుకున్న గొంతుల గోడను దించేసి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంటుంది.

తక్కువ సామానుతో ఇంట్లో చేసుకునే ఇలాంటి రికార్డింగులను లో-ఫై అంటారు. వెర్నన్ కనిపెట్టిందేమీ కాదు. అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో తెచ్చిన ‘నెబ్రాస్కా’ మామూలు క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసే చిన్న పెట్టెతో ఇంట్లో చేసిందే. ఇద్దరిదీ ఒకే అనుభవం. నమూనా కోసం చేసుకున్నవే చివరికి అసలు ఆల్బమైపోయాయి. వెర్నన్ కూడా వీటిని తర్వాత ఎక్కడైనా మంచి స్టూడియోలో మళ్లీ చేయాలనుకున్నాడు. విన్న స్నేహితులు వద్దన్నారు. కొన్ని చేర్పులు మాత్రం అడవి దాటాక జరిగాయి. ‘ఫర్ ఎమ్మా’ పాటలో వినిపించే బాకా జాన్ డీహేవన్‌ది, ట్రాంబోన్ రాండీ పింగ్రీది. ‘ఫ్లూమ్’లో క్రిస్టీ స్మిత్ చేయి కూడా ఉంది. పూర్తి ఒంటరి ఆల్బమని చెప్పుకునే కథలో ఈ ముగ్గురి పేర్లు తరచూ జారిపోతాయి. ‘ఫర్ ఎమ్మా’లో ఆ బాకా లేస్తుంటే మంచు కరిగి నది పొంగినట్టే ఉంటుంది మరి!

2007 జులైలో 500 సీడీలు వచ్చాయి. ఆనోటా ఈనోటా మాట పాకింది. 2008 ఫిబ్రవరి 19న జాగ్‌జాగువార్ అనే చిన్న సంస్థ అమెరికాలోనూ, మే నెలలో ఫోర్‌ఏడీ సంస్థ బ్రిటన్‌లోనూ విడుదల చేశాయి. అందులోని ‘స్కిన్నీ లవ్’ పాట ఊరూరా వినిపించింది. బర్డీ అనే బ్రిటిష్ పిల్ల పియానో మీద అదే పాట పాడి తనూ పేరు తెచ్చుకుంది. పరుచుకున్న గొంతులన్నీ వేదిక మీద ఒక్కడే పాడలేడు కదా. మళ్లీ ఊరే అక్కరకొచ్చింది. ఓక్లేర్ విశ్వవిద్యాలయంలో తాళవాద్యాలు చదివిన షాన్ కేరీ పాటలన్నీ విని, డ్రమ్ములూ తోడు గొంతులూ ముందే నేర్చుకుని వచ్చి, నేనూ వాయిస్తానన్నాడు. ఒకప్పుడు వెర్నన్ దగ్గర గిటారు పాఠాలు చెప్పించుకున్న మైక్ నోయిస్ ఇంకొకడు. అలా బోన్ ఈవేర్ నిజంగా బృందమైంది, అదీ ఊరి పిల్లలతోనే. 2012లో గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ నూతన కళాకారుడు, ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్ రెండూ వచ్చాయి. అప్పటికి రెండో ఆల్బమ్ కూడా బయటికొచ్చింది, ఆల్బమ్ పురస్కారం దానికే.

ఆ రెండో ఆల్బమ్ తయారైన చోటు ఓక్లేర్ పక్కనే ఫాల్ క్రీక్ అనే పల్లెలో ఉంది. పాత పశువుల ఆసుపత్రిని 2008లో కొని, లోపల వాడుకలో లేని ఈతకొలను మీద గచ్చు వేసి స్టూడియో కట్టారు. పేరు ఏప్రిల్ బేస్. వెర్నన్ పెరిగిన ఇంటికి మూడు మైళ్లు. తల్లిదండ్రులు మొదటిసారి కలుసుకున్న బారుకు పది నిమిషాలు. పేరు వచ్చినవాళ్లు లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ వెళ్లిపోయే దేశంలో, ఇతను ప్రపంచాన్నే తన పల్లెకు పిలిపించుకున్నాడు. 2015లో ‘ది నేషనల్’ అనే రాక్ బృందానికి చెందిన ఆరన్ డెస్‌నర్‌తో కలిసి చిప్పెవా ఒడ్డున ఓ క్లేర్స్ అనే సంగీతోత్సవం మొదలుపెట్టాడు. తొలి ఏడాదే ఇరవై వేలకు పైగా జనం వచ్చారు. ఆ ఉత్సవానికి ఒక అధికారిక కథకుడుండేవాడు. విస్కాన్సిన్ పల్లె జీవితం మీద పుస్తకాలు రాసిన మైఖేల్ పెర్రీ ఆ పని చేశాడు. కచేరీకి కథకుడిని పెట్టుకోవడం ఎంత ముచ్చటైన ఆలోచన! 2018 తర్వాత ఆ ఉత్సవం జరగలేదు. అదే 2018 ఫిబ్రవరిలో ‘ఫర్ ఎమ్మా’కు పదేళ్లు నిండిన సందర్భంగా మిల్వాకీలో పెద్ద ఇండోర్ స్టేడియంలో ఆ తొమ్మిది పాటలూ మళ్లీ పాడారు. 2025లో వచ్చిన ‘సేబుల్, ఫేబుల్’ దాకా బోన్ ఈవేర్ ధ్వని చాలా దూరం ప్రయాణించింది. కంప్యూటరుతో విరగ్గొట్టిన గొంతులు, ర్యాప్ గాయకులతో పొత్తులు, మళ్లీ గిటారు.

చూడాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. అడవిలోని చెక్క ఇల్లు కుటుంబం సొంత ఆస్తి, ఏప్రిల్ బేస్ పనిచేసే స్టూడియో. రెండూ సందర్శకుల కోసం కావు, వెతుక్కుంటూ వెళ్లకపోవడమే మర్యాద. చూడాల్సింది ఊరు. మినియాపొలిస్ నుంచి తూర్పుగా సుమారు 145 కిలోమీటర్లు, ఐ-94 మీద గంటన్నర. మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టూ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. షికాగో వెళ్లేటప్పుడు వాళ్లు దాటేది ఈ ఊరి అంచునే. షికాగో నుంచి వస్తే సుమారు 500 కిలోమీటర్లు. రైలు లేదు, కారే సుఖం. కార్సన్ పార్కు మ్యూజియాలకు ఒక పూట సరిపోతుంది. నది వెంట సైకిల్ దారి ఉంది. సంగమం మీదికి తెరుచుకునే పాబ్లో సెంటర్‌లో ఏ కచేరీ ఉందో ముందే చూసుకుని టికెట్ తీసుకోవడం మంచిది. జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్లేవాళ్లు గురువారం సాయంత్రం ఊళ్లో ఉండేలా చూసుకోవాలి. ఫీనిక్స్ పార్కులో స్థానిక బృందాలు పాడతాయి, టికెట్ ఉండదు. నవంబరు చివర్లో అడవి దారుల్లో నడవాలనుకుంటే నారింజ రంగు జాకెట్టు తప్పనిసరిగా కొనుక్కోండి, అది వేట కాలం. జనవరిలో వెళ్లేవాళ్లు మంచు టైర్లున్న కారు అడిగి తీసుకోవాలి.